రెండు రెక్కల విమానాలతో మావ గెలిచిన ఆట

మావ పోయాడని ఫోన్ వచ్చేటప్పటికి నేను కాలేజీ ల్యాబులో ఉన్నాను. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తాను. అవతల అత్త. ఏడవడం లేదు. "మీ మావ ఎల్లిపోనాడే. టీ ఇచ్చి పెరట్లోకెల్లొచ్చినాను, అంతే. నువ్వు బేగొచ్చెయ్" అంది. సరేనని పెట్టేశాను. పెట్టేశాక నాకు ముందు రావలసింది ఏడుపు. రాలేదు. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ చెప్తాను. "అయ్యో, ఇంక నేను ఆయన్ని నమ్మించలేను" అనుకున్నాను.

మావ వాళ్ల ఊరు సాలూరు. బస్సెక్కి విజయనగరం దాటినా అదే ఆలోచన. పక్కనున్నావిడ ఎక్కడికమ్మా అంటే మావ పోయాడన్నాను. బాగా చూసేవాడా అని అడిగింది. బాగానే చూసేవాడు. ఆయన్ని నేనెలా చూశానన్నదే నాకు మింగుడు పడడం లేదు, అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు అందరూ గొప్పలు రాస్తారు. మావ గొప్పవాడేం కాదు. ముక్కు మీద కోపం. బజారులో సగం మందితో ఏదో ఒక తగువుండేది. మిగతా సగం మంది తగువులు తీర్చడానికీ ఆయనే వెళ్లేవాడు.

మా అమ్మకి ఒక్కడే తమ్ముడు. సొంత లారీ, తనే డ్రైవరు. కొత్త బండి ఎప్పుడూ కొనలేదు. ఎవరో వాడి వదిలేసినదాన్ని తెచ్చి, నెలల తరబడి విప్పి బిగించి, దాన్నేసుకుని సుంకి ఘాటీ ఎక్కి ఒడిశా పోయేవాడు. కొత్త బండ్లవాళ్లు నవ్వితే, "కొత్తదాన్ని ఎవులైనా తోల్తారు" అనేవాడు. పొద్దున్నే పాత పేపరు తడిపి ముందద్దం తుడిచేవాడు, తుడుస్తూ అందులో ఎప్పటివో వార్తలు పైకి చదివేవాడు. టీ తాగి, సాసర్లో మిగిలిన చివరి గుక్క లారీ ముందు చక్రం మీద పోసేవాడు. ఎందుకంటే చెప్పేవాడు కాదు. నీకెందుకే గుంటా, అది దానికీ నాకూ ఉన్న మాట అనేవాడు.

వేసవి సెలవులకి సాలూరు పోతే నాతో అష్టాచెమ్మా ఆడేవాడు. చిన్నపిల్లని కదాని జాలి చూపేవాడు కాదు. ఇక ఒక్క గడి దాటితే నా కాయ పండుతుందనగా కూడా చంపేసేవాడు. ఒకసారి నేను గవ్వలు విసిరికొట్టి ఏడిస్తే అమ్మకి కోపం వచ్చింది. ఒక్క ఆట ఓడిపోతే నీ సొమ్మేటి పోతాదిరా అని తమ్ముణ్ణి తిట్టింది. మావ గవ్వలు ఏరుకుంటూ తాపీగా అన్నాడు.

"ఈయేల నాను గెలిపించీసినాననుకో అప్పా, రేపు ఇది నిజంగా గెలిసినప్పుడు దానికెలా తెలుస్తాది?"

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు, ఇంకా గట్టిగా ఏడ్చాను. తరువాతెప్పుడో ఆయన్ని నిజంగానే ఓడించాను. ఆ రోజు నన్ను భుజం మీదెక్కించుకుని, కనపడ్డ ప్రతి లారీ దగ్గరా ఆగి, ఈ గుంట నన్ను ఓడించీసినాదిరా అని చెప్పుకొచ్చాడు. ఓడిపోయినవాడు అంత సంబరపడడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. అది చూసి పెరిగినదాన్నే నేను. అందుకే నా తప్పుకి తెలియక చేశానన్న సాకు కూడా లేదు.

పక్షవాతం వచ్చాక ఆయన కాలు కొంత తిరిగొచ్చింది గానీ కుడి చెయ్యి రాలేదు. లారీ అమ్మేశారు. వీధి అరుగు మీద కూర్చుని, తల తిప్పకుండానే, పోతున్న బండి చప్పుడు విని ఎవరిదో చెప్పేవాడు. పలకరించడానికి వచ్చినవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడితే ఆయనకి మండిపోయేది. ఒకడు ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకుని తనే టీ తాగించబోతే, ఆ టీ వాడి చొక్కా మీద పోసేశాడు. అత్త పాపం అందరికీ సర్దిచెప్పలేక చచ్చేది. ఇంట్లో పిల్లాజెల్లా లేరు, కసురుకుందామన్నా ఆవిడొక్కతే.

కాలేజీలో ల్యాబు మారుస్తూ పాత కంప్యూటర్లు తీసేస్తుంటే ఒకటి పట్టుకెళ్లి మావ గదిలో పెట్టాను. ఎడమచేత్తో మౌస్ అలవాటైతే పొద్దు పోతుందని నా ఆలోచన. అందులో ఒక యుద్ధం ఆట వేశాను. తుపాకీ పట్టుకుని పరిగెత్తేది కాదు. పాతకాలం పెద్ద యుద్ధంలో ఒక దీవి, దాని మీద తేనెపట్టులా గళ్లు, రెండు పక్షాలు. చదరంగంలా ఒకరి వంతు అయ్యాక ఇంకొకరి వంతు, ఒకే కంప్యూటర్ మీద ఇద్దరూ ఆడుకోవచ్చు. తొందరేం లేదు, ఒక్క వంతుకి గంటసేపు ఆలోచించినా ఎవరూ అడగరు. నేను శనివారం మధ్యాహ్నం వెళ్లి ఆదివారం సాయంత్రం తిరిగి వచ్చేదాన్ని, ఆ మధ్యలో ఆట.

విమానాలు ఎంచుకోమంటే మావ బొమ్మలన్నీ ఒక్కొక్కటే చూశాడు. వేగంగా పోయేవీ, మెరిసేవీ అన్నీ వదిలేసి, జాబితాలో అడుగునున్నదాని దగ్గర ఆగాడు. ఒకదాని పైన ఒకటి రెండేసి రెక్కలు, రెక్కలకి గుడ్డ, నడిపేవాడి నెత్తి మీద కప్పు కూడా లేదు. ఆ యుద్ధం మొదలయ్యేటప్పటికే వాటి రోజులు అయిపోయాయి. "ఇవిచ్చీ నాకు" అన్నాడు. మావా, అవి ఊరికే లెక్కకి పెట్టినవి, ఎవరూ ఆడరు అన్నాను. "ఎవులూ ఆడకపోతే మరి నాకే" అన్నాడు.

మొదట్లో ఘోరంగా ఓడిపోయేవాడు. వాటిని నా కొత్త విమానాల మీదికి ఎదురు పంపేవాడు, నావి వాటిని ఒక్క వంతులో ఊడ్చిపెట్టేవి. మావ మౌస్ పక్కకి తోసేసి, చచ్చిన కుడి చెయ్యిని ఎడమచేత్తో ఒళ్లోకి తీసుకుని కూర్చునేవాడు. అది చూళ్లేకపోయాను. నిజం చెప్పాలంటే నా కోసమే చూళ్లేకపోయాను. నేను తెచ్చిన వస్తువు ఆయన్ని సంతోషపెట్టాలి, లేకపోతే నా మంచితనం ఏం కాను? అందుకని ఒక ఆదివారం, నా ఆయిల్ నిలవ ఉండే విమానాల మైదానం దగ్గర కాపలా తీసేసి, విమానాలన్నీ పనికిరాని మూలకి పంపాను. ఆయన వచ్చి దాన్ని తగలబెట్టాడు. నేను తల పట్టుకున్నాను. ఓలమ్మో, ఎలా కొట్టావు మావా అన్నాను. మావ అత్తని కేకేసి పిలిచి చూపించాడు. అత్త ఉల్లిపాయ పకోడీలు వేసింది. ఇంకో రెండు ఆదివారాలు అలాగే ఓడిపోయాను. నటన నాకు బాగానే వచ్చు, కాలేజీలో ప్రిన్సిపాల్ జోకులకి నవ్వీ నవ్వీ అలవాటైంది.

మూడోసారి మావ నవ్వలేదు. తెర వంక చాలాసేపు చూసి, "ఆయిలున్న కాడ కాపలా ఎందుకు తీసీసినావు?" అన్నాడు. మర్చిపోయానన్నాను. "మూడుసార్లూ?" అన్నాడు.

ఇక్కడ మీకు సాలూరు లారీవాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. ఘాటీలో బండి ఆగిపోయి, డ్రైవరు కిందకి దూరి రిపేరు చేసుకుంటుంటే, వెనకొచ్చినవాడు దిగి, చెయ్యెయ్యమంటావా అని అడగాలి. వద్దంటే ఒక బీడీ ఇచ్చి, కాసేపు కూర్చుని పోవాలి. వాడు అడక్కుండా తాడు మాత్రం కట్టకూడదు. తాడు కట్టి లాక్కొచ్చిన బండిని బజారంతా చూస్తుంది. ఇంక వీడి చేత కాదు అని నలుగురికీ చాటినట్టే. ఒకసారి బండి ఆగిపోయి మావ, దాని వెనక గుర్తుగా పెట్టే ఆకులు తెంపుకోవడానికో మరెందుకో పక్కకెళ్లినప్పుడు, తెలిసినవాడే ఆయన బండికి తాడు కట్టేశాడు, సాయం అనుకుని. వాడి కూతురి పెళ్లికి కూడా మావ పోలేదు.

ఆ ఆదివారం ఆయన అరవలేదు. అరిచినా బాగుణ్ణు.

"నాను అడక్కుండా తాడు కట్టినావే" అన్నాడు.

నేను ఏడ్చాను, తప్పయిపోయింది మావా, ఇంకెప్పుడూ చెయ్యనన్నాను. సరేలే ఊరుకో అన్నాడు. మళ్లీ ఆడదామన్నాడు కూడా. ఆయన మనసులోంచి అది పోయిందనే అనుకున్నాను. అవతలివాళ్లు తొందరగా మర్చిపోతే మనకి సుఖం కదా, అందుకని మర్చిపోయారని నమ్మేస్తాం.

ఆ తరువాత నేను మాట నిలబెట్టుకున్నాను. ఎంత నిలబెట్టుకున్నానంటే కసిగా ఆడేదాన్ని. మావ వారమంతా ఒంటరిగా కూర్చుని ఆ పాత విమానాల సంగతి తెలుసుకున్నాడు. వాటికి పెద్ద మైదానం అక్కర్లేదు, ఏ మట్టిదారి మీదైనా లేస్తాయి, దిగుతాయి. ఆయిల్ కొంచెం చాలు. దెబ్బ తగిలితే ఒక్క వంతులో బాగవుతాయి. నా కొత్తవాటికి సిమెంటు మైదానం కావాలి, బోలెడు ఆయిల్ కావాలి, రిపేరుకి తీసుకెళ్తే ఎప్పటికొస్తాయో తెలీదు. "నీయి పెళ్లికూతుళ్లే" అనేవాడు.

కిందటి వానాకాలంలో మొదలైంది మా ఆఖరి ఆట. చాలా ఆదివారాలు సాగింది. నేను గుంపుగా వెళ్లి ఆయన రేవు మీద బాంబులు వేస్తుంటే ఆయనవి ఒక్కటీ పైకి లేవలేదు. భయపడ్డాడనుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు నా విమానాల్లో ఆయిల్ అడుగంటుతుంది కదా, అప్పుడు లేచాయి. దీవంతా మట్టిదారుల పక్కన మూడూ నాలుగూ చొప్పున దాచిపెట్టాడు. నావి నిలబడి కొట్లాడితే ఇల్లు చేరవు, పారిపోదామంటే దారి పొడుగునా ఇవే. ఎలాగో తప్పించుకుని మిగిలినవాటిని బాగుచేసుకుంటుంటే ఆటలో వర్షాలొచ్చాయి. నా మైదానాలు రెండూ బురదైపోయి ఒక్కటీ కదల్లేదు. ఆయన ముసలి విమానాలు మాత్రం మబ్బుల కింద నెమ్మదిగా, చెట్ల ఎత్తున వచ్చి, నా ఆయిల్ తగలబెట్టి పోయాయి. ఈసారి అక్కడ కాపలా ఉంది. ఉన్నదాంట్లో మంచి కాపలాయే పెట్టాను. కాలేజీలో ఖాళీ పీరియడ్లలో కూర్చుని, ఇలాంటి దాడి ఎలా ఆపాలో ఇంటర్నెట్లో వెతికాను. ఆ ఆట ఆడేవాళ్లు ఎక్కడెక్కడి దేశాలవాళ్లో, కొందరిది ఇదే గోల. ఆ పాత డొక్కులని తక్కువగా చూసి దెబ్బతిన్నామని.

నేను ఓడిపోయాను. ఆట తెర మీద మావ పక్షం జెండా ఎగిరింది. నేను తల పట్టుకున్నాను. ఓలమ్మో అన్నాను, నా ప్రమేయం లేకుండా వచ్చేసింది.

మావ నా మొహంలోకి చూశాడు. అంతకుముందు నటించినప్పుడూ ఇలాగే తల పట్టుకున్నాను, ఇదే మాటన్నాను. ఆయనకి రెండూ ఒకటే.

"మల్లీ కట్టినావా?" అన్నాడు.

లేదు మావా అన్నాను. అమ్మ మీద ఒట్టన్నాను. ఒట్లెయ్యకు అన్నాడు. ఇంటర్నెట్లో విదేశాలవాళ్లు రాసింది ఫోన్లో తీసి, తెలుగులో చెప్తూ చదివాను. అది ఇంగ్లీషు, నువ్వేటి సెప్తే నాకదే అన్నాడు. ఎగతాళిగా కూడా అనలేదు, ఉన్న సంగతి అన్నట్టే అన్నాడు. నాకు కోపం వచ్చింది. రా, ఇంకో ఆట ఆడదాం, ఈసారి నువ్వే చూస్తావు అన్నాను. వద్దులే, కన్ను లాగతన్నాది అన్నాడు. నేను సంచి తీసుకుని బస్సు టైమైందని వచ్చేశాను. నిజానికి బస్సుకి ఇంకా చాలా టైముంది. బస్సు కాంప్లెక్సులో బెంచీ మీద కూర్చుని, ఎంత మొండిమనిషి అని ఆయన్నే తిట్టుకున్నాను.

తరువాత నెలల్లో, కాలేజీ పనులంటూ, రెండేసార్లు వెళ్లాను. వేరే కబుర్లు చెప్పాడు, నవ్వాడు, నాకు పనసతొనలు కొనిపించాడు. ఆట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎప్పుడో ఒకరోజు నమ్ముతాడు, తొందరేముంది అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ "తొందరేముంది" అన్న మాటకి నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

దినాలు అయ్యాక, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, అత్తకి తోడుగా నేనుండిపోయాను. వంటింట్లో అరువు గిన్నెలు తోమి ఎవరివి వాళ్లకి వేరుచేస్తుంటే అత్త తనంతట తనే ఎత్తింది. "ఆ వానాకాలం నువ్వు కోపంగా ఎల్లిపోనావు సూడు, ఆ దినం ఆయన అన్నం తిన్లేదు. గోడకేసి తిరిగి తొంగున్నాడు. ఏటయిందంటే, పిల్ల నా మీద జాలిపడతన్నాదే, నాను అంతకొచ్చీసినానేటే అన్నాడు" అంది.

నా చేతిలో గిన్నె కింద పెట్టాను. "లేదత్తా, ఆ దినం నిజంగానే గెలిసినాడు. నాను సచ్చేటట్టు ఆడినాను, అయినా గెలిసినాడు" అన్నాను.

అత్త కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. "నిజంగానేటి? మరి ఆయనతో సెప్పలేదేటే?"

చెప్పాను అత్తా, నమ్మలేదు అన్నాను. నువ్వు చెప్తే ఎందుకు నమ్మడూ అని అడిగింది. ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు. ఆ పకోడీల ఆదివారాలు కూడా నిజమేనని అనుకుంటోంది ఆవిడ. అప్పుడు చెప్పాను అన్నీ. వింది. తిట్టలేదు. కొంగుతో మూతి తుడుచుకుని, "ఎంత పని సేసినావే తల్లీ" అంది, అంతే. ఆ మాట ఇప్పటికీ నాకు వినపడుతోంది. అనవలసిన మాటే అంది.

మర్నాడు మధ్యాహ్నం మావ గదిలో కంప్యూటర్ తీశాను. ఆ ఆట చివరి వంతుల దగ్గర సేవ్ చేసి పెట్టినది అలాగే ఉంది. ఓడిపోకముందు నా వంతు. నేను ఇంకోలా ఆడి ఉంటే ఏమయ్యేదో చూద్దామని కూర్చున్నాను. ఏ మూలో నేను నాకే తెలియకుండా ఆట వదిలేశానేమో, మావ అన్నదే నిజమేమో అని కూడా ఒక భయం. ప్రతి విమానాన్నీ ఎటు కదపాలో అన్నివిధాలా ఆలోచించాను. దారి కనపడలేదు. ఉన్నదాంట్లో మేలైనది ఆడి, వంతు ముగించే మీట నొక్కాను.

తెర నల్లబడింది. ఇద్దరూ ఒకే కంప్యూటర్ మీద ఆడేటప్పుడు ఈ ఆట అలాగే చేస్తుంది. అవతలివాళ్ల విమానాలెక్కడున్నాయో ఇవతలివాళ్లకి కనపడకూడదని, వాళ్లు వచ్చి కూర్చుని మీట నొక్కేదాకా ఏమీ చూపించదు. నల్లటి తెర మీద మావ పేరు, సిద్ధమేనా అన్న ప్రశ్న.

అత్త గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఆగిపోనాదేటి?" అంది.

"లేదత్తా. మావ వంతు" అన్నాను.

అత్త వచ్చి నా మోచెయ్యి పట్టుకుని లేపింది. "రా మరి. నువ్విక్కడుంటే ఆయన ఆడడు" అంది.

ఇద్దరం బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, అరుగు మీద కూర్చున్నాం.